ఆ గురువారం పడని వాన

దయ్యాలు, గాలి, ధూళి లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. గొప్పకు చెప్పడం లేదు. వాటిని నమ్మడానికి నాకు తీరిక దొరకలేదు, అంతే.

ఇరవై ఏళ్ళుగా ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో లారీల కాటా దగ్గర కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. లారీ కాటా ఎక్కుతుంది. తెర మీద అంకె పడుతుంది. చీటీ కొట్టి ఇస్తాను. డ్రైవరు ఏమన్నా, రైతు ఏమన్నా ఆ అంకె మారదు. అలాంటి పనిలో ఉన్న మనిషికి కంటికి కనిపించని వాటి మీద నమ్మకం కుదరడం కష్టం. మేము చర్చికి పోయేవాళ్ళం. పాస్టరుగారు దురాత్మల గురించి ప్రసంగం చేసేటప్పుడు కూడా నేను ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని.

కాబట్టి ఇది చదివి మీకు నవ్వు వస్తే నవ్వండి. ఇంకొకరు చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

నాకు ఉన్నది ఒకటే పిచ్చి. చిన్న కంప్యూటర్లు. అరచేతిలో పట్టే పచ్చ రంగు బోర్డు ఒకటి వస్తుంది. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. ఫోను ఛార్జరు లాంటి దానితోనే నడుస్తుంది. చూడటానికి పాత రేడియో విప్పితే బయటపడే ముక్కలా ఉంటుంది గానీ, అది పూర్తి కంప్యూటరు.

కొన్నేళ్ళ కింద నా ఫోను నిండిపోయింది. ఫోటోలన్నీ యాడనో ఉండే కంపెనీ దగ్గర దాచుకోమని ఫోను రోజూ అడిగేది. మా ఇంటి ఫోటోలు మా ఇంట్లోనే ఎందుకు ఉండకూడదు అనిపించింది. వీడియోలు చూసి, నెట్‌లో ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు రాసుకునే ఫోరాలు చదివి, ఒక బోర్డు తెప్పించుకున్నాను. మూడు నెలలు అది నన్ను ఏడిపించింది. రెండుసార్లు మెమొరీ కార్డు పాడై పెట్టినవన్నీ పోయాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం నా ఫోనులో నుంచి వంటింటి అలమరలో ఉన్న ఆ బోర్డులోని పెళ్ళి ఫోటో తెరుచుకుంది. నేను ఒక్కదాన్నే గట్టిగా చప్పట్లు కొట్టాను.

మా ఆయనకు పంక్చరు షాపు ఉంది. ఒక స్టీలు టిఫిను డబ్బాకు చుట్టూ రంధ్రాలు వేసి తెచ్చి ఇచ్చాడు. బోర్డు అందులోనే ఉంటుంది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు డబ్బా. "ఇంట్లోనే ఇంకో కాపురం పెట్టినావు నువ్వు" అని ఎగతాళి చేసేవాడు గానీ, షాపులో వినే పాటలన్నీ ఇప్పుడు ఆ డబ్బాలో నుంచే పోతాయి. మా చర్చి సంఘం పాటల కాగితాలన్నీ స్కాను చేసి అందులో పెట్టాను. ఆదివారం ఏ పాట కావాలన్నా అక్కడివాళ్ళు నన్నే అడుగుతారు. అలా నన్ను అడగడం నాకు బాగానే ఉంటుంది.

ఏ వస్తువైనా ఒకే చోట ఉంటే ఒకరోజు పోతుందని ఫోరాల్లో అందరూ చెప్తారు. అందుకే ఎమ్మిగనూరులో మా ఆడబిడ్డ ఇంట్లో ఫ్రిజ్జు మీద ఇంకో బోర్డు పెట్టాను. రోజుకొకసారి ఆదోని డబ్బాలో ఉన్నదంతా ఎమ్మిగనూరు డబ్బాలోకి ఆ రోజు తేదీతో కాపీ అవుతుంది. పాత కాపీలు అలాగే ఉంటాయి. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే దీంతో తర్వాత పని పడింది.

మా పుట్టినూరు హాలహర్వి దగ్గర. ఊరి పేరు రాయను, అన్నకు ఇష్టం ఉండదు. అన్న పేరు యోహాను. నాలుగెకరాల ఎర్రనేల. బోరు లేదు, కాలువ లేదు. వాన పడితే పంట, లేకుంటే లేదు. వదిన పేరు శాంతమ్మ. సిరుగుప్ప వైపు మనిషి. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా మాటలో కన్నడం వచ్చేస్తుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, ఇది జరిగిన ఏడు పదో తరగతిలోకి వచ్చింది.

ఒకసారి అన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఫోనులో వాన కబురు చూసి విసుక్కున్నాడు. "ఆదోనిలో పడితే మా సేన్లో పడినట్టా? ఈ ఫోనుకు మా సేను యాడుందో తెలుసునా?" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఫోనుకు తెలియకపోతే మనమే తెలిసేట్టు చేద్దాం అనుకున్నాను.

వాన కొలిచే పరికరం ఒకటి ఉంటుంది. పైన గరాటు. దాని కింద ఏతాంలా అటూ ఇటూ ఊగే చిన్న పుల్ల, రెండు చివర్లా రెండు గిన్నెలు. ఒక గిన్నె నిండగానే బరువుకు వంగి నీళ్ళు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. అలా వంగినప్పుడల్లా ఒక అయస్కాంతం స్విచ్చును దాటుతుంది. బోర్డు ఒకటి అని లెక్క వేస్తుంది. ఎన్నిసార్లు వంగిందో తెలిస్తే ఎంత వాన పడిందో తెలుస్తుంది. ఇంతే సంగతి.

దాన్ని తెప్పించి, ఒక బోర్డుకు తగిలించి, అన్న ఇంటి వెనక రేకుల కొట్టం పక్కన ఇనుప గుంజ పాతి దాని మీద బిగించాం. చిన్న సోలారు పలక, పాత బ్యాటరీ, సిమ్‌ కార్డు వేసే ఒక పెట్టె. గిన్నె ఏ సెకనుకు వంగిందో రాసుకుని, నిమిషానికి ఒకసారి ఆ లెక్క ఆదోని డబ్బాకు పంపుతుంది. వాన మొదలైతే నా ఫోనుకు రెండు మాటల కబురు వస్తుంది: వాన మొదలైంది.

అన్న దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వదిన పట్టించుకుంది. వారానికోసారి గరాటులో ఆకులు తీసేది, పిట్టల రెట్ట తుడిచేది. దాని పేరు కూడా ఆమె పెట్టిందే, మళె డబ్బి. మళె అంటే కన్నడంలో వాన. మొదటి ఏడాది దాని పక్కనే ఒక డబ్బాకు స్కేలు గీతలు గీసి పెట్టి, పడిన ప్రతి వానకూ నీళ్ళు ఏ గీత దాకా వచ్చాయో వదిన ఫోనులో చెప్తే రెండూ సరిపోల్చి చూశాను. అన్నిసార్లూ సరిపోయాయి. ఆ ఏడంతా అది ఒక్క తప్పు లెక్క చెప్పలేదు.

నేను చెప్పబోయేది రెండో ఏడు.

ఆ ఏడు మృగశిరలో ఒక వాన పడింది. అందరూ దుక్కులు దున్నుకున్నారు. తర్వాత వాన ముఖం చాటేసింది. ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది, పుష్యమి కార్తె వచ్చింది. అన్న ఇంట్లో వేరుశనగ విత్తనం, మా వైపు బుడ్డలంటాం, ఒలిచి సంచుల్లో సిద్ధంగా ఉంది. ఒలిచిన విత్తనం ఎక్కువ రోజులు ఆగదు. కార్తె దాటితే విత్తీ లాభం లేదు.

పని కోసం వలస పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. అన్న బెంగళూరు మేస్త్రీతో మాట్లాడుకున్నాడు. వచ్చే మంగళవారం బయలుదేరాలి. విత్తనాన్ని నూనె మిల్లుకు వేసేయాలి. కూతుర్ని హాస్టల్లో వదలాలి. మళె డబ్బి పెట్టకముందు ఒక ఏడు వాళ్ళు సుగ్గికి పోయినవాళ్ళే. అక్కడ కట్టే మేడ పక్కన పట్టాల గుడిసెలో ఉన్న ఐదు నెలల గురించి వదిన ఎప్పుడూ మాట్లాడదు. ఈసారి పోవాలంటే మాత్రం ఆమె ముఖం చూడలేకపోయేవాళ్ళం.

గురువారం మధ్యాహ్నం నేను కాటా దగ్గర ఉన్నాను. పత్తి సీజను కాదు కాబట్టి లారీలు తక్కువ. రెండు గంటల నలభై నిమిషాలకు ఫోను మోగింది. వాన మొదలైంది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తెర తెరిచి చూస్తే లెక్క గబగబా పెరుగుతోంది. పది, పదిహేను, ఇరవై. గట్టి వాన. అన్నకు ఫోను చేశాను.

"వాన బాగా పడతాందా అన్నా?"

"యాడ?" అన్నాడు.

"మన ఇంటికాడ. డబ్బాలో లెక్క పడతాంది."

"నేను టీ కొట్టుకాడ ఉండా. ఎండకు నెత్తి మాడిపోతాంది. నీ డబ్బాకు ఏమన్నా సోకిందేమో సూడు" అని ఫోను పెట్టేశాడు.

నాకు సిగ్గేసింది. వాన కోసం మొఖం వాచి ఉన్న మనిషికి ఫోను చేసి, పడని వాన పడుతోందని చెప్పాను. వైరు వదులైంది అనుకున్నాను. అయితే వైరు వదులైతే లెక్క సెకనుకు పదీ ఇరవై పడుతుంది, నాకు అది తెలుసు. ఇది అలా లేదు. ఎవరైనా చెంబుతో నీళ్ళు పోశారా అంటే, చెంబు నీళ్ళు రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఇదేమో ఇరవై అయిదు నిమిషాలు ఆగకుండా పడింది. డెబ్బై తొమ్మిది. ఆ తర్వాత పద్నాలుగు నిమిషాలు ఏమీ లేదు. మళ్ళీ మొదలై ఈసారి నెమ్మదిగా, నలభై నిమిషాల్లో ముప్పై నాలుగు. అయిపోయింది అనుకున్నాక, అరగంట దాటి ఒక్కటంటే ఒక్కటి. వాన వెలిశాక గరాటులో మిగిలిన చుక్కలు జారి గిన్నె నిండినప్పుడు అలాగే పడుతుంది.

మొత్తం నూట పద్నాలుగు. వానగా చూస్తే ముప్పై రెండు మిల్లీమీటర్లు. మా ఎర్రనేలకు అది విత్తుకునేంత తడి ఇచ్చే మంచి పదును వాన.

సంచిలో నోటు పుస్తకం ఉంటే అందులో రాసుకున్నాను. గురువారం, గంట, నిమిషాలు, లెక్క. పక్కన తప్పు అని రాశాను. డబ్బాలో మాత్రం చెరిపేయలేదు. కాటా దగ్గర కూడా తప్పు చీటీ చింపం, కొట్టేసి దాచిపెడతాం. అది అలవాటు. మధ్యలో ఆగిన సంగతి, అంకెల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, మిషను చెడిపోయింది అనుకున్నాను. మా ఆయనకు కూడా అంత వరకే చెప్పాను.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఊరికి పోయాను. స్క్రూడ్రైవరు, కొత్త వైరు, కొత్త స్విచ్చు అన్నీ తీసుకుపోయాను. స్టూలు వేసుకుని పైకెక్కి గరాటు చూశాను.

గరాటు నిండా దుమ్ము. సన్నని ఎర్ర దుమ్ము, మీద ఊదితే లేచేంత పొడిగా. దాని మీద చుక్క పడిన మచ్చ కూడా లేదు. గరాటు మెడలో సాలెగూడు ఉంది. లోపలి గిన్నెలు రెండూ ఎండిపోయి ఉన్నాయి. దేన్నీ ముట్టుకోకముందే ఫోనులో ఫోటోలు తీశాను, అవి ఇప్పటికీ ఉన్నాయి. మూడు రోజుల్లో సాలెపురుగు గూడు కట్టుకోగలదు, గాలికి దుమ్ము పడగలదు. ఆ మాట నాకూ తెలుసు. కానీ ముప్పై రెండు మిల్లీమీటర్ల నీళ్ళు ఆ గరాటులో నుంచి పోయాయంటే ఎవరూ ఒప్పుకోలేరు.

వైర్లు గట్టిగానే ఉన్నాయి. స్విచ్చు బాగుంది. గిన్నెను వేలితో పదిసార్లు వంచితే పదే లెక్క పడింది. గుంజను ఊపి చూశాను, కొట్టి చూశాను, ఏమీ పడలేదు. చేతిలో కొత్త సామాను అలాగే పట్టుకుని స్టూలు దిగాను.

వదిన వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. తలుపు దగ్గరగా వేసింది.

"సుశీలా, ఒక మాట సెప్తా. నవ్వొద్దు" అంది.

నవ్వను అన్నాను.

"మొన్న బేస్తవారం మీ అన్న టీకని పోయినాక నేను గిన్నెలు తోముతాండా. రేకుల మీద వాన పడింది."

 ఆమె చెప్పింది. ఇంటి ముందర దుప్పటి మీద విత్తనం ఎండబోసి ఉందట. తడుస్తుందని బూడిద చేతులతోనే పరుగెత్తిందట. దుప్పటి నాలుగు మూలలూ పట్టి లోపలికి ఈడ్చుకొచ్చి, చూరు కింద నిలబడి చూస్తే ఎండ. కళ్ళు చెదిరే ఎండ. మబ్బు తునక లేదు. రేకుల మీద మాత్రం వాన మోగుతూనే ఉందట. తడి మన్ను వాసన కూడా వచ్చిందట. చేయి బయటికి చాపి చూసిందట. చేతి మీద ఎండ తప్ప ఏమీ పడలేదు. పక్కింటామె గోడ అవతల బట్టలు ఆరేస్తూ ఉంది. ఆమెకు ఏమీ వినబడినట్టు లేదు.

"నా సెవులే పోయినాయేమో అనుకున్నా" అంది. "సుగ్గికి పోవాలంటే మనసు సెడి ఇట్లయితాందేమో అనుకున్నా. మద్దెలో ఆగింది. గంజి వార్చి దించేంత సేపు ఆగింది. హమ్మయ్య అనుకుంటే మళ్ళా మొదలైంది. ఈసారి నిదానంగా."

 నోటు పుస్తకం సంచిలో ఉంది. దాన్ని తీసి ఆమెకు చూపించాను. వదినకు చదువు తక్కువ, అంకెలు తెలుసు. డెబ్బై తొమ్మిది అన్న చోట వేలు పెట్టి, ఇది గట్టిగా పడింది అని చెప్పాను. పద్నాలుగు అన్న చోట వేలు పెట్టి, ఇది ఆగింది అని చెప్పాను. ఆమె ముప్పై నాలుగు మీద తనే వేలు పెట్టింది.  భయం వేయలేదు. ఎందుకో తెలియదు, నాకు ఆ వంటింట్లో చాలా నెమ్మదిగా అనిపించింది.

డబ్బాలో ఏదో లెక్క పడిందని, అది చెడిపోయిందని అన్న గురువారమే ఆమెకు చెప్పాడట. తనకు వినిపించింది మాత్రం ఆమె అతనికి చెప్పలేదు. మధ్యలో ఆగిన సంగతి నా పుస్తకంలో, నా డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు.

అన్నం తినేటప్పుడు వదిన అన్నతో ఒకటే మాట అంది. మంగళవారం పోవద్దు, విత్తనం వేద్దాం.

అన్న ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. తడి లేని నేలలో విత్తితే చీమల పాలు, పిట్టల పాలు అన్నాడు. మేస్త్రీకి మాట ఇచ్చానన్నాడు. వదిన వాదించలేదు. వాన వస్తుంది, నేను విన్నాను అని మళ్ళీ మళ్ళీ అదే చెప్పింది. చివరకు అన్న నా వైపు తిరిగాడు.

"నీ డబ్బా ఏమంటాది మరి?"

ఆ నిమిషం నాకు చాలా కష్టమైంది. వస్తుందని చెప్పి రాకపోతే ఉన్న విత్తనం మన్నులో పోతుంది. రాదని చెప్తే వదిన బెంగళూరు బస్సెక్కుతుంది. నాకు తెలిసినంత వరకే చెప్పాలనుకున్నాను.

"డబ్బాలో తప్పు యాడా దొరకలేదన్నా. ఆ పొద్దు వాన పడలేదనేదీ నిజమే. అంతకంటే నాకు తెల్దు."

అన్న చేయి కడుక్కుని బయటికి పోయాడు. నేను సాయంత్రం బస్సుకు బయలుదేరితే రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కనిపించాక అన్నాడు, "ఇరవై ఏండ్లలో ఆమె నన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగింది గింజలు ఇత్తమని. ఏం సేద్దాం."

సోమవారం, మంగళవారం గొర్రు కట్టి పొడి నేలలోనే విత్తారు. మేస్త్రీని ఒక వారం ఆగమన్నారు. ఊళ్ళో వాళ్ళు గట్టు మీద నిలబడి చూసిపోయారట. ఒకాయన యోహానుకు మతి పోయిందన్నాడట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. నేను మాత్రం ఆ రెండు రోజులూ అన్నం సరిగా తినలేదు. నా పిచ్చి వాళ్ళ విత్తనం మీదికి వచ్చింది కదా అని.

బుధవారం. కాటా మీద పత్తి గింజల లారీ ఉంది. మూడు గంటల యాభై నిమిషాలకు ఫోను మోగింది. వాన మొదలైంది.

ఈసారి అన్నకు ఫోను చేయలేదు. ధైర్యం చాలలేదు. డబ్బా తెర తెరిచి, పక్కన నోటు పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. లెక్క పెరిగింది. యాభై, అరవై, డెబ్బై. డెబ్బై తొమ్మిది దగ్గర ఆగింది.

డ్రైవరు చీటీ అడిగాడు. ఇచ్చాను. ఏం తూకం కొట్టి ఇచ్చానో మళ్ళీ ఒకసారి వెనక్కి తీసుకుని చూసుకున్నాను, అంత పరధ్యానం. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు. పన్నెండు. పద్నాలుగో నిమిషం దాటగానే ఎనభై పడింది.

అప్పుడే అన్న ఫోను చేశాడు. ఎత్తితే మాట లేదు. రేకుల మీద వాన చప్పుడు. ఫోనును చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"ఇనపడతాందా?" అన్నాడు చివరకు.

"ఇనపడతాందన్నా."

"మీ వదిన బయటనే నిలబడింది. లోపలికి రమ్మంటే రాదు" అన్నాడు. 

నూట పదమూడు దగ్గర మళ్ళీ ఆగింది. మిల్లులో అందరూ ఇళ్ళకు పోతున్నారు. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో పని ఉందని అబద్ధం చెప్పి కూర్చున్నాను. ఆ ఒక్కటి కోసం. అరగంట దాటింది. పడింది. నూట పద్నాలుగు.

ఆ రోజు ఆదోనిలో చినుకు లేదు. ఎమ్మిగనూరులో లేదు. హాలహర్వి వైపు నాలుగైదు ఊళ్ళలోనే పడింది.

తర్వాత నేను చేయని పరీక్ష లేదు. రెండు రోజుల లెక్కలనూ మొదటి అంకె దగ్గర కలిపి ఒకదాని మీద ఒకటి వేసి చూశాను. సెకను అటూ ఇటూగా నూట పద్నాలుగూ కలిసిపోయాయి. రెండు వానలు ఒకేలా పడవు. గంటసేపు పడిన రెండు వానలు చుక్క తేడా లేకుండా పడవు.

ఫోరంలో పేరు చెప్పకుండా రాశాను. అందరూ గడియారం తప్పయ్యి ఉంటుందన్నారు. నిజమే, ఈ చిన్న బోర్డుల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వస్తే తేదీ తప్పుతుంది. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ ఊరి బోర్డు చెప్పిన టైముతో పాటు, ఆ లెక్క తనకు ఎప్పుడు అందిందో ఆదోని డబ్బా తన గడియారంతో విడిగా రాసుకుంటుంది. అదీ గురువారమే చూపించింది. ఎమ్మిగనూరులో మా ఆడబిడ్డ ఇంట్లో గురువారం తేదీతో ఉన్న కాపీ తెరిచి చూశాను. బుధవారం వాన పడక ముందే నూట పద్నాలుగూ అందులో ఉన్నాయి. నా ఫోనులో కబురు ఉంది. అన్నకు చేసిన ఫోను ఉంది. నా చేతి రాత ఉంది. వీటన్నిటికీ గడియారం తప్పైంది అంటే నేను ఒప్పుకోలేను. ఒప్పుకున్నా, వదిన చెవులకు గడియారం లేదు కదా.

ఒకతను రాశాడు, మీరే కథ అల్లుతున్నారు అని. అతని మీద కోపం రాలేదు. నేనైనా అదే రాసేదాన్ని. పాస్టరుగారికి చెప్తే, దేవునికి స్తోత్రం చెప్పుకోమ్మా, ఎక్కువ తవ్వొద్దు అన్నారు. మా ఆయన అంతా విని, డబ్బాకు ఇంకో నాలుగు రంధ్రాలు వేద్దామా, బాగా గాలి ఆడుతుంది అన్నాడు. 

ఆ ఏడు అన్నవాళ్ళు సుగ్గికి పోలేదు. ఆ వానకు మొలకలు వచ్చాయి. తర్వాత కూడా మధ్య మధ్య వాన అందింది. విరగ పండిందని చెప్పను. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉండేంత పండింది. మేనకోడలు హాస్టలుకు పోకుండా ఇంటి నుంచే పదో తరగతి పాసైంది.

ఆ తర్వాత మళ్ళీ అలాంటిది జరగలేదు. మళె డబ్బి ఇప్పటికీ అదే గుంజ మీద ఉంది. వాన పడితే చెప్తుంది, పడకపోతే ఊరుకుంటుంది. కబురు వచ్చినప్పుడల్లా నేను అన్నకు ఫోను చేసి అడుగుతాను, పడతాందా అని. ప్రతిసారీ పడతాందనే అంటాడు.

ఆ ఏడు కాయ పీకేటప్పుడు ఒక పూట పోయాను. చేలో కూర్చుని ఇద్దరం చెట్ల నుంచి కాయలు తెంపుతుంటే వదినను అడిగాను, అదేమై ఉంటుందని నువ్వు అనుకుంటాండావు అని. ఆమె చేయి ఆపలేదు.

"ఏముంది. వచ్చేది ముందుగాల ఒకతూరి వచ్చి, మేము ఉండామా పోయినామా అని సూసుకొని పోయింది" అంది.

నాకు అది సమాధానం కాదు. ఆమెకు మాత్రం అది సరిపోయింది. ఇన్నేళ్ళు అంకెల ముందు కూర్చున్న నా దగ్గర అంతకంటే మంచిది లేదు, ఇప్పటికీ దొరకలేదు. సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కాయలు ఒక సంచి నిండా కట్టి ఇచ్చింది. వేడివేడిగా ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటే ఒలుచుకు తింటూ ఆదోని దాకా వచ్చాను.